సువార్తమ్మ టీచర్ చేపలపై ఫిర్యాదు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, వేసవి మొదట్లో, నన్ను అద్దంకికి మత్స్య అభివృద్ధి అధికారిగా బదిలీ చేశారు. చేరిన వారానికే మా సహాయ సంచాలకులు ఒక ఫిర్యాదు నా చేతికిచ్చారు. దగ్గరలోని ఒక ఊరి మంచినీటి చెరువులో జిలేబీ (తిలాపియా) చేపలు విపరీతంగా పెరిగి, అడుగు కెలికి నీళ్ళను బురద చేస్తున్నాయి. వాటిని వదిలింది సువార్తమ్మ అనే టీచరని ఊరివాళ్ళ అనుమానం.

ఆవిడ చర్చి బడిలో పాఠాలు చెప్పేవారు. ఇంట్లో గాజుతొట్టెలో వేలెడంత చేపలు పెంచేవారు. కాలువ నుంచి చెరువుకు నీళ్ళు పెట్టే కోటయ్య నన్ను చూడగానే ఎదురొచ్చాడు. “టీచరమ్మ బకెట్టు పట్టుకుని గట్టు దిగడం నా కళ్ళతో చూశానండి. ఒకసారి కాదు.”

చెరువులో వల వేయించాను. పడిన ఆడచేప దవడ తెరిస్తే నోటినిండా గుడ్లు. జిలేబీ చేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. అక్కడి నుంచి టీచర్ ఇంటికి వెళ్ళాను. తొట్టెలో ఒక చేప గొంతు ఉబ్బించుకుని మూలన నిలబడి ఉంది.

“ఇదీ నోట్లోనే పొదుగుతుందా?”

“అవునండి. వారం దాటింది, మేత ముట్టలేదు. కానీ ఇది జిలేబీ కాదు. ఎంత పెరిగినా ఇంతే.”

బకెట్టు సంగతి అడిగాను. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ ఉంటుంది కాబట్టి తొట్టెకు చెరువు నీళ్ళు తెచ్చుకుంటానన్నారు. ముందే సిద్ధం చేసుకున్న జవాబులా తోచింది. ఆ చేపను పట్టి చూపించమన్నాను.

“ఇప్పుడు పడితే బెదిరి ఉమ్మేస్తుందండి. నాలుగు రోజులాగండి.”

ఆ నాలుగు రోజుల్లో తొట్టె ఖాళీ చేస్తారనుకున్నాను. నేనే వల ముంచాను. చేప ఉమ్మేసింది. ఇంకా ఈత రాని పిల్లలను మిగతా చేపలు నిమిషంలో తినేశాయి.

పట్టిన చేపను ఆఫీసులో జిలేబీతో పోల్చి చూశాను. జాతి వేరు. అయినా నా అనుమానం పోలేదు. జిలేబీలను ఇంకెక్కడో దాచి ఉండవచ్చనుకున్నాను. ఈలోగా విచారణ తేలేదాకా బడికి రావద్దని యాజమాన్యం ఆవిడకు చెప్పింది.

ఆ తర్వాతే నేను కాలువ తూము దగ్గరకు వెళ్ళాను. కోటయ్య అడ్డుపడ్డాడు. “అక్కడ చూడ్డానికేం లేదండి. చేపలు రాకుండా కట్టిన జాలీ బాగానే ఉంది.” నేను దిగి చూస్తే జాలీయే లేదు. కాలువలో జిలేబీలు గుంపులుగా తిరుగుతున్నాయి.

“చెత్త అడ్డుపడుతుంటే నేనే పీకేశానండి,” అన్నాడు చివరికి. “నీళ్ళందక ఊరంతా నన్నే తిట్టారు మరి.”

చేపలు కాలువ నుంచే వచ్చాయని నివేదిక రాసి, ఆ మాట చెప్పడానికి టీచర్ ఇంటికి వెళ్ళాను. జరిగినదానికి క్షమించమన్నాను.

“మాటగా కాదండి, కాగితం మీద ఇవ్వండి,” అన్నారావిడ. “బడిలో చూపించాలి.”

అక్కడే కూర్చుని రాసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేయించి మర్నాడు పంపాను. వారంలో ఆవిడ బడికి వెళ్ళారు.

చెరువు మీద ఫిర్యాదు వస్తే ముందు నీరు వచ్చే దారి చూడాలి, తర్వాతే మనుషుల ఇళ్ళు. నేను ఆ వరుస తప్పాను. అందుకే ఆవిడ చెప్పిన ప్రతి నిజమూ నాకు అబద్ధంలాగే వినిపించింది.