యూరియా సంచి కింద ఆటో స్టార్టర్

మా అత్తమ్మకు ఊపిరితిత్తులు పాడై రెండేళ్లు. పొద్దస్తమానం ఆక్సిజన్ మిషను నడవాల్సిందే. అది కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే వాడుకోవడానికి మంచం పక్కన చిన్న సిలిండర్ ఉండేది. చిట్యాల అవతల మా ఊళ్లో, ఆ ఎండాకాలం మధ్యాహ్నం గాలిదుమారం లేచి, భూపాలపల్లి నుంచి వచ్చే పెద్ద లైను స్తంభాలు కూలిపోయాయి. మా ఆయన స్టేషన్ ఘన్‌పూర్‌లో చుట్టాలింటికి పోయాడు. ఇంట్లో నేను, అత్తమ్మ. సిలిండర్ ముల్లు అప్పటికే ఎర్రగీత దగ్గరికి దిగింది. కొత్తది మరునాడు తెద్దామనుకున్నాం.

మా మరిది ఊరి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. ఫోన్ చేశాడు. గుట్ట మీద పరీక్షకని పెట్టిన గాలిమర, దాని కింద ఇనుప గదిలోని బ్యాటరీలు ఉన్నాయి కదా, వాటితో మన ఊరొక్కదానికే కరెంటు ఇస్తానన్నాడు. ఇచ్చాడు. మిషను కుయ్యిమంది. పది అంకెలు లెక్కపెట్టేలోపే ఆగిపోయింది.

ఎందుకాగిందో నాకు తెలుసు. కరెంటు ఫ్రీక్వెన్సీ లెక్క యాభై అని, అది తగ్గకూడదు, పెరగకూడదని, మరీ తగ్గితే లైను దానంతటదే ఆగిపోతుందని మరిది ఒకసారి చెప్పాడు. నేను దాన్ని విసుర్రాయితో పోల్చుకున్నాను. దోసెడు జొన్నలు ఒక్కసారే పోస్తే రాయి మొరాయిస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి టక్కున పిడి అందుకుని తోస్తేనే తిరుగుతుంది. ఆ మనిషి బ్యాటరీ. గాలిమర కూడా ఓ చెయ్యి వేస్తుంది. కానీ ఊరి మోటార్లన్నీ ఒక్కసారే మీద పడితే ఎంతని తోస్తారు?

ఒక్కసారే పడేది ఆటో స్టార్టర్ల వల్ల. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే చిన్న పెట్టె అది. వేళాపాళా లేని కరెంటు రోజుల్లో పెట్టుకున్నవి. ఇప్పుడవి అక్కర్లేదు, తీసేయమని ఆ మధ్య మరిదే ఇల్లిల్లూ తిరిగాడు.

మరిది మళ్లీ ఫోన్ చేశాడు. "మోటార్లు బందైతేనే మళ్ల ఇస్త వదినా. బ్యాటరీ సగం అయిపోయింది. ఇంకొక్కసారే అయితది. అందరికి ఫోన్లు చేసిన, మాకాడ ఆటో లేదంటున్నరు. మరి గీ లోడు యాడికెళ్లొచ్చింది?"

మా బావి దగ్గర దాన్ని తీయలేదు. యూరియా సంచితో కుట్టిన తొడుగు కింద దాచాం. తీసేశామని మరిదితో చెప్పింది నేను. నాట్లకు వచ్చిన ఆడవాళ్లకు ఆ ఉపాయం చెప్పిందీ నేనే. తొడుగులు కూడా మా ఇంటి నుంచే పోయాయి.

"తమ్మీ, మన బాయి కాడ ఉన్నది. తీయలే."

"తీసేసిండ్రని ఊరందరికి మన ఇల్లునే చూపెట్టిన గదా వదినా," అన్నాడు మెల్లగా.

పక్కింటి అక్కను అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టాను. దుమారానికి ఆగిన, ఉల్లిగడ్డలమ్మే ట్రాలీ బండి మా గోడ పక్కనే ఉంది. దాని మైకు బండి బ్యాటరీతో నడుస్తుంది. సంగతి చెబితే బండి నడిపే చాచా, ఈ గాలిలో ఉల్లిగడ్డలు ఎవరు కొంటారు, ఎక్కు బిడ్డా అన్నాడు. పది మంది ముందు నోరు తెరిచి ఎరగను. పొలాల బాట పట్టాక మైకు నోటికి ఆనించుకున్నాను.

"మా బాయి కాడ సంచి కింద ఆటో స్టార్టర్ ఉన్నది. దాసింది నేనే. మీకు జెప్పింది నేనే. మీరు గూడ బందు జేయుండ్రి. మా అత్తమ్మకు ఊపిరాడుతలేదు."

పొలాల్లో ఉన్నవాళ్లు ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక ముసలాయన తలగుడ్డ బిగించుకుని, ఎవరి వంకా చూడకుండా తన బావి వైపు నడిచాడు. ఆయన సంచి ఎత్తడం చూశాక మిగతావాళ్లు ఉరికారు. మా మోటారు ఫ్యూజు నేనే పీకాను.

ఇంటికి వచ్చేసరికి ముల్లు సున్నాకు ఆనింది. అత్తమ్మ పెదవులు నల్లబడుతున్నాయి. మరిదికి ఫోన్ చేసి కరెంటు ఇవ్వమన్నాను. మిషను మళ్లీ కుయ్యిమంది. మరిది ఫోన్లో మీటరు చదువుతున్నాడు.

"యాభై. నలభై తొమ్మిదిన్నర. నలభై తొమ్మిది..."

ఎవరో ఇంకా తీయలేదు. పట్టుకుంటే ఆగదన్నట్టు మిషనును రెండు చేతులా పట్టుకున్నాను. గుట్ట వైపు గాలి ఇంకా హోరుమంటోంది. ఫోన్లో మరిది ఊపిరి పీల్చడం నాకు వినిపించింది.

"నలభై తొమ్మిదిన్నర. నిలవడ్డది వదినా. యాభై."

మిషను ఆగలేదు. చాలాసేపటికి అత్తమ్మ పెదవులకు రంగు వచ్చింది. మాస్కు కాస్త పక్కకు జరిపి నన్ను దగ్గరికి రమ్మంది. మైకులో నా మాటలు ఇంటిదాకా వినబడ్డాయట.

"అన్ని జెప్పినవు గని, ఆ సంచులు కుట్టింది నేనని జెప్పకపోతివి," అంది.

మాట్లాడొద్దని మాస్కు మళ్లీ సర్దాను.