జంగయ్య ఊడదీసిన చక్రం

మొన్న వంటింట్లో కుక్కర్ ఇంకా బుసకొడుతుండగానే మా కోడలు మూత మీద చెయ్యి వేసింది. ఇల్లంతా ఉలిక్కిపడేలా అరిచాను. "ఒక్క నిమిషమే కదా మామయ్యా" అంది నొచ్చుకుంటూ. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అచ్చం అదే మాట అని ఒక పనిమంతుడి చెయ్యి కాల్చారు.

అరవయ్యో దశకం మొదట్లో నేను కల్వకుర్తి దగ్గర ఒక పల్లినూనె మిల్లులో సూపర్‌వైజరుగా చేరాను. చేతిలో డిప్లొమా, దానికి మించిన పొగరు. జంగయ్య అక్కడ ఫిట్టరు. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద, అక్షరం రాదు. మా బావినీళ్లకు బాయిలర్‌లో పెచ్చులు కట్టేవి. ఆ పెచ్చులూ తుప్పూ ఆవిరితో కొట్టుకుపోయి యంత్రాలను పాడుచెయ్యకుండా, గొట్టం మధ్యలో ఒక ఇనప పెట్టె, అందులో జల్లెడ ఉండేవి. దాన్ని ఛన్నీ అనేవాళ్లం. రెండు మూడు రోజులకోసారి విప్పి కడగాలి.

జంగయ్య దాన్ని విప్పే తీరు చూస్తే మొదట్లో నాకు నవ్వొచ్చేది. అటూ ఇటూ వాల్వులు మూసి, అంతటితో ఆగక, బాయిలర్ వైపు వాల్వు తిప్పే చక్రాన్నే పానాతో ఊడదీసి తువ్వాల్లో చుట్టి నడుముకు కట్టుకునేవాడు. కింది కుళాయి విప్పి, లోపల మిగిలిన ఆవిరి పూర్తిగా పోయేదాకా కూర్చునేవాడు. ఆ తర్వాతే, ముఖం పక్కకు పెట్టి, పెట్టె మూతకు తనకు దూరంగా ఉన్న బోల్టును ముందు వదులు చేసేవాడు.

"చక్రమేమన్నా బంగారమా జంగన్నా?" అని ఎగతాళి చేశానొకసారి.

"బంగారమైతే పెట్టెల దాస్తుంటి సారు. గిది నా చెయ్యి. నా తాననే ఉండాలె" అన్నాడు.

కొత్త ఛన్నీ వచ్చినప్పుడు నేనే దగ్గరుండి బిగింపించాను. జంగయ్య చూసి తన పని తాను చేసుకుపోయాడు. అందరూ అన్నానికి పోయాక నా దగ్గరకొచ్చి, "బాణం గుర్తు ఉల్టా అయింది సారు. ఆవిరి పోయే దిక్కుకు ఉండాలె. జర ఇద్దరం తిప్పుదాం" అన్నాడు. నా పరువు కాపాడిన మనిషి ఆయన.

సీజనులో పల్లికాయ బండ్లు గేటు బయట బారులు తీరితే మిల్లు యజమాని సేటుకు జంగయ్య ఓపిక కంటగింపుగా ఉండేది. జంగయ్య ఆలస్యం చేస్తే తానే ఆవిరి వదలడానికి అలాంటి చక్రమే ఇంకోటి తెప్పించి తన గదిలో పెట్టుకున్నాడు. జంగయ్యకు చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం జంగయ్య గోడకు అవతల ఛన్నీ కడిగి, జల్లెడను పెట్టెలో సర్దుతున్నాడు. ఇవతల నేనున్న బాయిలర్ గదిలోకి సేటు ఆ రెండో చక్రం పట్టుకొచ్చి వాల్వుకు తగిలించాడు. "ఒక్క నిమిషం పనే కదా, ఈపాటికి అయిపోయి ఉంటది" అంటూ తిప్పాడు. ఆగమని నేను అనేలోపే అవతలి నుంచి కేక వినబడింది.

జంగయ్య చెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. ఆ సాయంత్రమే సేటు కాగితం రాయించాడు. వాల్వు మూయకుండానే ఫిట్టరు మూత విప్పాడట. నన్ను సంతకం పెట్టమన్నాడు. పెడితే జంగయ్యకు పరిహారం రాదు, పెట్టకపోతే నాకు నౌకరీ ఉండదు. సిగ్గు లేకుండా పెట్టాను.

ఆరు రోజులకు గాని దవాఖానకు పోవడానికి ముఖం చెల్లలేదు. జంగయ్య తిడతాడనుకున్నాను. ఆయన మెల్లగా అడిగాడు:

"సారు, కాగితం సదివి ఇనిపిచ్చిన్రు. అండ్ల రాసింది నిజమేనేమో. చక్రం నా నడుముకే ఉండె. మరి ఆవిరి ఎట్లొచ్చె? నేనే సక్కగ బంద్ జెయ్యలేదా? వయసైతాంది, మతి తప్పుతున్ననా అని ఒకటే ఫికరు."

ఉన్నది చెప్పేశాను. "నువ్వు బంద్ చేసినవ్ జంగన్నా. సేటు తాన ఇంకో చక్రం ఉండె. నాకు ఎరుకే."

"గట్లనా. అయితే నా పనిల తప్పు లేదన్నట్టు" అని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడే జరిగింది జరిగినట్టు రాసి మహబూబ్‌నగర్ పోయి లేబరు ఆఫీసులో ఇచ్చాను. నౌకరీ పోయింది. జంగయ్యకు ఎంతో కొంత పరిహారం వచ్చింది, వేళ్లు మాత్రం మళ్లీ పానా పట్టలేదు. సేటు మీద కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు, చల్లారడం నాకు ఇష్టమూ లేదు. కానీ సేటు కాల్చింది చెయ్యి. ఆ ఆరు రోజులు జంగయ్య తన పనిని తానే అనుమానించుకునేలా చేసింది నా సంతకం.