బావిలో పోసిన నీళ్లు

ధర్మవరంలో మమ్మల్ని తెల్లపట్టు పంపే ఇల్లు అనేవారు. హిందూపురంలో పచ్చిపట్టు కొని, పెనుకొండలో మా ఇంటి వెనుక రాగి కొప్పెరల్లో సబ్బు వేసి ఉడకబెట్టి, జిగురు పోగొట్టి, తెల్లటి పోగుల్ని చిలపలుగా చుట్టి ధర్మవరం మగ్గాలకు పంపడం తాత నాటి నుంచి మా పని. పట్టు తీసేవాడికి నేసేవాడి ముఖం తెలియదు. నేసేవాడు రంగు వేసేవాడితో పట్టు గురించి మాట్లాడడు. ఎవరేమనుకున్నా మా నోటి మీదుగానే పోవాలి. దాన్నే మేము గౌరవం అనుకున్నాం.

తొంభైల చివరికి భూములు పోయి కొప్పెరలు మిగిలాయి. మా పట్టు తీసుకునే మగ్గాల యజమాని కూడా ఒక్కడే మిగిలాడు. అప్పుడే ఆయన చీరల్లో మచ్చలు మొదలయ్యాయి. కుంకుమ రంగు అక్కడక్కడ పాలిపోయి, చెమ్మ దిగిన గోడలా కనిపించేది. ఆయన రంగు వేసేవాణ్ని తిట్టాడు. రంగు వేసేవాడు మా పట్టును తిట్టాడు. మేము హిందూపురం వాళ్లను తిట్టాం. ఇంకోసారి మచ్చ వస్తే మా పట్టు వద్దని యజమాని నాతో మర్యాదగానే చెప్పాడు. అది పోతే మా ఇంటికి చెప్పుకోవడానికి పని ఉండదు.

మా ముందరి గదుల్లో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడమ్ ఉండేది. గుంటూరు వైపు మనిషి. అద్దె అనే మాట నాయన నోట రాదు. మనింట్లో దిగినామె అనేవాడు. ఆమె ప్రతిదానికీ ఎందుకని అడిగేది. మా బావి ఎండిపోయి అప్పటికి రెండు మూడేళ్లయింది. కొప్పెరలో బావి నీళ్లే పోయాలన్నది ఇంటి కట్టు గనక, నాయన బోరు వేయించి, ఆ నీళ్లను పైపుతో బావిలోకి వదిలించి, మళ్లీ బావిలోంచి తోడించేవాడు. పైపు కళ్ల ముందరే ఉన్నా అందరం వాటిని బావి నీళ్లనే అన్నాం.

“బోరు నీళ్లు బావిలో పోసి తోడటం దేనికండీ?” అని వచ్చిన కొత్తలోనే ఆమె నాయనను అడిగింది.

“ఈడ అట్లే,” అన్నాడు నాయన.

ఆ నీళ్లకు సబ్బు నురగ రావడం లేదని, పట్టు కూడా వీటిలోనే ఉడుకుతుందా అని తర్వాత నన్ను అడిగింది. ఇష్టమై కాదు, వేరే దారి లేక, ఆమెను ధర్మవరం తీసుకుపోయాను. ఒక క్యాను నిండా మా నీళ్లు కూడా.

యజమాని పంచలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మా నాయన ముందర ఎన్నడూ కూర్చోని యజమాని నా పక్కనే కూర్చున్నాడు. రంగు వేసేవాడు మోచేతుల దాకా ఎర్రటి చేతులతో వచ్చి, మేడమ్ కూడా రంగులు వేస్తుందా అని నన్ను అడిగాడు. తనకు రాదని, ఆయన చెబితే వింటానని ఆమే బదులిచ్చింది. రంగు ఎంత కాగాలి, చిలప ఎన్నిసార్లు తిప్పాలి, మచ్చ తడిలో కనిపిస్తుందా ఆరాకా అని అడుగుతూ పోయింది. ముక్తసరిగా మొదలుపెట్టినవాడు కాసేపటికి తానే అడగసాగాడు. కంటికి కనిపించనిది ఆ నీళ్లలో ఏముంటుందన్నాడు. సున్నం లాంటిదని, అది సబ్బుతో కలిసి పట్టుకు అంటుకుంటుందేమోనని, తాను అనుకునేది తప్పయినా కావచ్చని ఆమె చెప్పింది.

“సున్నమా?” అని అతను నా వైపు తిరిగాడు. “అయితే పెద్దింటోళ్లు పట్టుకు తాంబూలం పెట్టి పంపిస్తాండారన్నమాట.”

పంచలో అందరూ నవ్వారు. నేను వెన్ను వంచకుండా కూర్చున్నాను.

పచ్చిపట్టు చిలపలు కొన్ని మా నీళ్లలో, కొన్ని అక్కడి కొళాయి నీళ్లలో ఉడకబెట్టి, అన్నింటినీ ఒకే రంగులో ముంచారు. ఆరాక చూస్తే మా నీళ్లవి మాత్రమే పాలిపోయాయి. యజమాని వాటిని వేళ్లతో నలిపి చూసి, రంగు వేసేవాడితో, “ఇన్నేండ్లు ఊరికే నిన్నంటినే,” అన్నాడు. వాళ్లిద్దరివీ పక్క పక్క వీధులు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. నిజమా అని ఆయన అడగలేదు.

“మన బావి నీళ్లు బాగలేవని పదిమందిలో చెప్పొచ్చినావా?”

మంచినీళ్లు ట్యాంకరుతో తెప్పిద్దామన్నాను. కొన్న నీళ్లు మన కొప్పెరలో పోయరన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు.

ధర్మవరం వాళ్లు ఎంతో కాలం ఆగలేదు. రంగు వేసేవాడే కొప్పెర పెట్టుకున్నాడు. మేడమ్ సెలవు రోజుల్లో పోయి, సబ్బు ఎంత వేయాలో అతనితో కలిసి చూసేది. యజమాని తానే హిందూపురం పోయి పచ్చిపట్టు కొన్నాడు.

“మీకెందుకప్పా శ్రమ, ఈడే ఉడకబెట్టుకుంటాము,” అన్నాడు నాతో. నేను తీసుకుపోయి కలిపిన మనుషులకు నాతో పని లేకపోయింది.

మగ్గం నుంచి మొదట దిగిన మంచి చీరను యజమాని పాత మర్యాద కొద్దీ మా ఇంటికి పంపాడు. కుంకుమ రంగు. నాయన కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గర మడత మడతా విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. మళ్లీ మడిచి, “జరీ పల్చన,” అని బల్ల మీద పడేశాడు.

ఆయన బయటికి పోయాక నేనూ విప్పి చూశాను. అంచు నుంచి కొంగు దాకా వెతికాను. ఒక్క మచ్చ దొరికినా బాగుండుననిపించింది.