మూడు మిస్డ్ కాల్స్

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ పది రూపాయల రీఛార్జ్ కార్డుని పిన్నీసుతో గీకేది. తర్వాత గోడ గడియారం కింద నిలబడి అమ్మమ్మకి ఫోన్. ఏడు నిమిషాలు తిరగ్గానే, మాట మధ్యలో ఉన్నా సరే, "ఉంటానమ్మా" అని పెట్టేసేది. చివరి రూపాయి మాత్రం ముట్టుకునేది కాదు. అది మిస్డ్ కాల్స్ కోసం...

మిస్డ్ కాల్‌కి డబ్బులు పోవు కదా అంటారేమో. పోవు. కానీ బ్యాలెన్స్ సున్నా అయితే ఆ రింగూ వెళ్లదు.

ఒకటంటే క్షేమంగా చేరాం. రెండంటే నువ్వే చెయ్యి. ఈ రెండూ అందరిళ్లలో ఉన్నవే. మా ఇంట్లో మూడు కూడా ఉండేది... మూడంటే నాన్న స్కేలు తీశాడని.

నాన్న తిరువూరులో టైలర్. ముందు గదిలో మిషను, వెనక గదిలో మేము. గుడ్డ కొలిచే చెక్క స్కేలుకి అంచున ఇత్తడి రేకు ఉండేది. అమ్మ వీపు రుద్దేటప్పుడు ఆ రేకు గీతలు నా వేళ్లకి తగిలేవి.

మావయ్యకి మూడు రింగులు వెళ్తే వినగడప నుంచి అరగంటలో బండి మీద దిగేవాడు. చేతిలో వంకాయల సంచి. "ఇటు పనుండి వచ్చాను బావా. ఏంటి, జాకెట్లు బాగా పడుతున్నాయా?" అనేవాడు ఏమీ తెలియనట్టు. నాన్న కూడా ఏమీ జరగనట్టు మిషను తొక్కేవాడు. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుని టీ పెట్టేది. కొంగు మీద రక్తం మరక ముగ్గురికీ కనిపించేది కాదు...

నేను ఆరో తరగతిలో ఉండగా జీఎస్టీ వచ్చింది. కార్డు అదే పది, వచ్చే మాటలే తగ్గాయి. కొట్లో అన్నని అడిగితే "పన్ను పెరిగిందమ్మాయ్, నేనేమన్నా నీ పైసలు నమిలానా?" అన్నాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పడం మర్చిపోయాను. అమ్మ గడియారం అదే ఏడు నిమిషాలు తిరిగింది. వారం వారం ఆ చివరి రూపాయి కాస్త కాస్తగా అరిగిపోయింది...

నాన్నకీ ఆ పన్ను తగిలింది. లైనింగు గుడ్డ, చీర ఫాల్స్, అన్నీ పెరిగాయి. జాకెట్టు మీద పది పెంచాడు. ఓ శనివారం మధ్యాహ్నం ఒకావిడ గొడవ పెట్టుకుంది. "గుడ్డ నాది, ఒళ్లు నాది, మధ్యలో నీ పన్నేంటయ్యా?" వీధిలో ఇద్దరు పకపకా నవ్వారు. ఆవిడ గుడ్డ లాక్కుని వెళ్లిపోయింది.

నాన్న లోపలికి వచ్చాడు.

"నువ్వూ నవ్వావు కదే?"

"నేనెందుకు నవ్వుతానండీ..."

మొదటి దెబ్బ మెడ మీద పడింది. జుట్టు పట్టి తలని గోడకేసి కొట్టాడు. అమ్మ కళ్లతోనే నాకు ఫోన్ చూపించింది.

దొడ్లోకి పరిగెత్తి నొక్కాను. "మీ ఖాతాలో తగినంత బ్యాలెన్స్ లేదు. దయచేసి రీఛార్జ్ చేసుకోండి..." ఎంత మర్యాదో ఆ గొంతుకి! మూడుసార్లూ అదే మర్యాద.

తిరిగి వచ్చాను. అమ్మ నా వైపు చూసింది. వెళ్లాయన్నట్టు తలూపాను... ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు.

ఎప్పుడూ ముడుచుకుని పడి ఉండే మనిషి ఆ రోజు లేచి నిలబడింది. "కొట్టు. ఎంతసేపు కొడతావో నేనూ చూస్తా" అంది. కళ్లు మాత్రం వీధి వైపే... బండి చప్పుడు కోసం. అడ్డం పెట్టిన కుడిచేతి మీద స్కేలు విరిగేదాకా అలాగే నిలబడింది. స్కేలుతో పాటు బొటనవేలూ విరిగింది. ఆ చప్పుడు వేరేగా ఉంటుంది...

మర్నాడు ఎవరో చెప్తే మావయ్య పరిగెత్తుకొచ్చాడు. కట్టు చూసి "నాకు ఫోనే రాలేదు కదే చెల్లీ!" అని తల పట్టుకున్నాడు. అమ్మ నన్ను చూసింది. బ్యాలెన్స్ లేదని, కార్డు మీద పన్ను సంగతీ అప్పుడు చెప్పాను. తిట్టలేదు. దగ్గరకి తీసుకుని మెల్లగా అంది, "ఈసారి ఫోన్ పోకపోతే పోలేదని చెప్పు తల్లీ... నేను కిందే పడి ఉంటాను."

ఆ సాయంత్రం ఎడమచేత్తో కార్డు గీకింది. ఆరు నిమిషాలకే "ఉంటానమ్మా" అంది.

"అప్పుడేనా?" అంది అమ్మమ్మ.

"పన్ను పెరిగిందమ్మా."

అంతే చెప్పింది.

నాన్న కొత్త స్కేలు కొన్నాడు. దానికీ పన్ను కట్టే ఉంటాడు...

ఇప్పుడు అమ్మా నేనూ వేరే అద్దె గదిలో ఉంటున్నాం. ఆ బొటనవేలు వంగదు, సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. ఇప్పటి ఫోన్లలో ఎంత మాట్లాడినా బ్యాలెన్స్ అయిపోదు. అయినా అమ్మ గడియారం చూస్తూనే మాట్లాడుతుంది...

రింగులు లెక్కపెట్టుకునే రోజులు పోయాయి. మీ ఇంట్లో ఒకటంటే ఏంటి, రెండంటే ఏంటి... చెప్పండి.

మూడు కూడా ఉండేదా?