కిటికీ ఉన్నచోట గోడ అన్నాను

“ఆ కాగితం దొరికిందానే?”

“దొరకలేదయ్యా. జర పండుకో.”

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలివి. నాగర్‌కర్నూల్ దవాఖానలో, మధ్యాహ్నం, ఆయన కాళ్లకు దుప్పటి కప్పుతూ అన్నాను. ఆ కాగితం దొరకదని నాకు తెలుసు. పొయ్యిలో పెట్టింది నేనే. ఏండ్లు గడిచాయి. ఇది మోసి మోసి అలసిపోయాను. ఇంక నాతో కాదు.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మరిది భార్య, నా యారాలు పద్మ రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసిన ముఖం చూస్తూ చెప్పలేను. పద్మను కూడా తల ఎత్తొద్దన్నాను.

మా ఆయన మేస్త్రి. కొల్లాపూర్ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా ప్లాను చేత్తోనే గీసేవాడు. ఊరికే గీసేవాడు కాదు. ఆ ఇంట్లో ఒక పూట కూర్చునేవాడు. పొయ్యి దగ్గర ఎవరుంటారు, ముసలివాళ్లు పొద్దున ఎటు నడుస్తారు, అన్నీ అడుగుతూ, వాళ్లు చెప్పేకొద్దీ గీస్తూ, తుడుస్తూ, మళ్లీ గీస్తూ ఉండేవాడు. నేను టేపు కొస పట్టుకునేదాన్ని.

ఒక ఇంట్లో నడవలేని ముసలామె ఉండేది.

“అవ్వా, నీ మంచం యాడెయ్యాలె?” అని అడిగాడు.

“యాడన్న ఎయ్యి. పండుకుంటే బజారు కనవడాలె. కాళ్లు పోయినయ్, కండ్లన్న తిరగనీ.”

“సూసుడేనా, వచ్చిపోయెటోళ్లను తిట్టుడు గూడనా?”

“ముందుగాల కిటికీ పెట్టు కొడుకా. తిట్లు ఎన్కసిరి సెప్త.”

అందరం నవ్వాం. ఆయన అప్పటికి గీసిన గోడను వేలితో తుడిచి, అక్కడ కిటికీ పెట్టాడు. మంచం మీద పడుకున్నా బజారు కనబడేంత కిందికి. నేను చూశాను. ఇది గుర్తుపెట్టుకోండి, నేను చూశాను.

తర్వాత వారమే ఆయన వేరే పని మీద స్లాబు నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ముసలామె ఇంటి పర్మిషన్‌కు చేతిగీత చెల్లదు, కంప్యూటర్ ప్రింటు కావాలని పంచాయతీవాళ్లన్నారు. ఆయన గీసిన కాగితం నా చేతికిచ్చి వనపర్తిలో ప్లాను ప్రింట్లు తీసే షాపుకు పంపాడు. మా చెల్లెలు అక్కడే ఉంటుంది కదా అని సంచిలో మామిడిపండ్లు కూడా వేసుకున్నాను. కాగితాన్ని వాటి మీదే పెట్టాను. బస్సులో ఆ సంచి మీద మోచెయ్యి ఆనించి నిద్రపోయాను. దిగి చూస్తే ఒక మూల రసంతో తడిసింది. కొంగు తడిచేసి తుడిచాను. రసంతోపాటు పెన్సిలు గీత కూడా పోయింది.

షాపులో అతను అడిగాడు. “అమ్మా, గీడ ఏముండె? గోడనా, కిటికీనా?”

“గోడే” అన్నాను.

ఎందుకన్నాను? మరిచిపోయానా? మరిచిపోయానని చాలా ఏండ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కిటికీ అంటే ఎంత వెడల్పు, నేల నుంచి ఎంత ఎత్తు అని అడుగుతాడు, నాకు తెలియదు, తెలియదంటే మళ్లీ కొల్లాపూర్ పోవాలి, పండ్ల సంగతి ఆయనకు చెప్పాలి, మేస్త్రి పెండ్లానివి కాగితం కాపాడలేకపోయావా అంటాడు. గోడకైతే ఎవరూ కొలత అడగరు. ఇదంతా ఒక్క రెప్పపాటులో నా తలలో తిరిగింది. తెలిసే అన్నాను.

మరక పడిన కాగితాన్ని ఇంటికి రాగానే నీళ్లపొయ్యిలో పెట్టాను. షాపువాళ్లు ఉంచుకున్నారని ఆయనతో చెప్పాను. తర్వాత ఆయన తెమ్మన్నప్పుడల్లా, వెతుకుతున్నారట, ఇంకా దొరకలేదట అన్నాను.

ఇంటివాళ్లు షాపు నుంచే ప్రింటు తీసుకున్నారు. మా ఆయన మంచంలో ఉండగానే వేరే మేస్త్రి కట్టేశాడు. గోడ లేస్తుంటే ముసలామె అడిగిందట, నా కిటికీ ఏదిరా అని. “మేస్త్రి గీసిండమ్మా, ఆయనకు తెల్వదా?” అన్నాడట కొడుకు. ఆయన మీద ఉన్న ఆ నమ్మకమే ఆయన్ను ముంచింది. గోడ పగలగొడదామంటే, అవతల దానికి ఆనించి మెట్లు కట్టేశారు.

కాలు కొంచెం కుదిరాక, కట్టె ఊతంగా పట్టుకుని ఆయన అక్కడికి పోయాడు. పట్టపగలు లైటు వేసుకుని కూర్చున్న ముసలామెను చూశాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి నన్ను అడిగాడు.

“నేను గీసిననే. గీసిన కదా? నువ్వు టేపు పట్టుకొని ఉంటివి.”

“నాకేం యాదికుంటది” అన్నాను.

ఆయన తన కుడిచేతిని చూసుకున్నాడు. అది వేరే ఎవరిదో అన్నట్టు. ఇక పెన్సిలు పట్టలేదు. ఎవరైనా వస్తే, నా చేతి మీద నాకే నమ్మకం లేదు, ప్రింటు తెచ్చుకోండి అనేవాడు. వాళ్లు తెచ్చిన ప్రింటు చూసి ఇటుక మీద ఇటుక పెట్టేవాడు. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారని మళ్లీ అడగలేదు. మా మరిది ఎగతాళి చేసేవాడు, “అన్నా, నీ పెన్సిలు కండ్లకు గూడ పొర వచ్చిందా?” అని. ఆయన నవ్వేవాడు. నేను పక్కనే కూర్చుని బియ్యం ఏరేదాన్ని.

ఒక్క మాట చెప్పి ఉంటే ఏమయ్యేది? రెండు రోజులు తిట్టేవాడు. అంతే కదా. రెండు రోజుల తిట్లకు భయపడి, మనిషికి తన చేతి మీదున్న నమ్మకాన్ని తీసేశాను. తీసేసి, రోజూ అదే చేతికి అన్నం పెట్టాను.

క్షమించమని అడగను. అడగాల్సినవాళ్లు ఇద్దరూ లేరు. ఆ చెయ్యి తప్పు గీయలేదు. ఇంతే నేను చెప్పాల్సింది. చెప్పాక గుండె తేలికయిందా అంటే, ఏమో, దించుకుని కూర్చున్నట్టుంది. అంతే.

ఏంది చెల్లె, కలం ఆపినవ్? మరిది వచ్చిండా? రానీ. నీళ్లు తర్వాతిద్దువు. తెలిసే అన్న అన్న గా మాట మెత్తగ మార్చి రాసినవా, నేనన్నట్టే రాసినవా? ఏదీ, మొదటిసంది సదువు. మెల్లగ గాదు. వాకిట్ల కూసున్నాయనకు ఇనవడేటట్టు సదువు.