ఒకే గడిలో రాసిన చేపలు

ఇరవై రెండేళ్ల కింద మా డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లో ఒక మనిషి మీద అబద్ధపు నింద పడింది. అది అబద్ధమని ఆ గదిలో నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. బల్ల మీది మంచినీళ్ల గ్లాసును చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది దాని గురించి.

అప్పుడు నేను జువాలజీలో రీసెర్చ్ స్కాలర్‌ని. నా పని నీటికుక్కల మీద. ఊరికి చాలా దూరంలో, ఒక వాగుకు కట్ట వేసి చేసిన పెద్ద చెరువులో అవి ఉండేవి. అవి ఏం తింటున్నాయో తెలియాలంటే, ఒడ్డున బండల మీద అవి వేసిన పెంటను ఏరి తెచ్చి, కడిగి, అందులో మిగిలిన ముళ్లు, పొలుసులు, పెంకులు చూడాలి. నెలకోసారి నేనూ మా అటెండరూ వెళ్లి సంచుల్లో నింపుకొని వచ్చేవాళ్లం. తిరుగు బస్సులో మా చుట్టూ సీట్లు ఖాళీగా ఉండేవి.

అటెండరు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, క్యాంపస్‌లో రోజుకూలీ మీద పనికి కుదిరినవాడు. డిపార్ట్‌మెంట్ మేడ మీద టీ వడగట్టే జాలీలో పెంటను కడిగి, పాత పేపర్ల మీద ఆరబోసి, ఒక్కో ముల్లును చిన్న పట్టకారుతో తీసి వేరువేరు డబ్బాల్లో వేసేవాడు. ఎండ్రికాయ పెంకులు ఒక డబ్బా, జెల్ల ముళ్లు ఒకటి, జిలేబి చేప పొలుసులు ఒకటి, చెరువులో చేపపిల్లలను వదిలి పెంచే బొచ్చె, రవ్వలకు ఒకటి. చివరి డబ్బా ఎప్పుడూ నిండేది కాదు.

"అన్నా, ఇదేం చేప?" అని అడిగేవాణ్ని.

"జెల్ల. పొలుసుండది దీనికి, గీ ముల్లు చూడు. పుస్తకం తియ్యకు సార్. నువ్వు పేజీ దొరకవట్టేసరికి నేను ఇంటికి పోయి బువ్వ తిని వస్తా."

"మరి బొచ్చె ఎందుకింత తక్కువ?"

"గది నడి నీళ్లల్ల ఉరుకుతది. ఒడ్డు పొంటి ఎండ్రికాయ నడుచుకుంట వస్తుంటే దాని ఎనక ఎందుకు పడ్తది సార్? మెస్‌ల అన్నం వెట్టినంక నువ్వు తినెతందుకు ఉప్పల్ దాక పోతవా?"

నేను పుస్తకాల్లో చదివింది ఆయనకు చిన్నప్పటి నుంచే తెలుసు. నీటికుక్క సులువుగా దొరికేదాన్నే పడుతుంది. నీరసంగా ఈదే చేపను, జబ్బు చేపను, బురదలో జెల్లను, ఎక్కడంటే అక్కడ పిల్లలు పెట్టి మిగతా చేపలకు తిండి లేకుండా చేసే జిలేబిని. నీటికుక్క ఉన్నంతకాలం చెరువులో ఏ ఒక్క చేపా విపరీతంగా పెరిగిపోదు. "గివి పోయినయనుకో, చెరువంత జిలేబే సార్" అన్నాడొకసారి. నేను నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

ఆ ఏడే చెరువులో చేపలు పెంచే కాంట్రాక్టరు, వదిలిన పిల్లలన్నిటినీ నీటికుక్కలే తినేస్తున్నాయని గోల మొదలుపెట్టాడు. నిజమేమిటో తేల్చమని మత్స్యశాఖవాళ్లు మా గైడును రిపోర్టు అడిగారు. గైడు నన్ను పిలిచి, నేను గీసిన పట్టికను చూసి విసుక్కున్నాడు.

"ఇన్ని గడులెందుకయ్యా? నీ థీసిస్‌లో నీ ఇష్టం. రిపోర్టుకు రెండు చాలు. చేపలు, ఇతరాలు."

రాశాను. ఎండ్రికాయలు ఇతరాల్లోకి పోయాయి. జెల్ల, జిలేబి, బొచ్చె, రవ్వ అన్నీ చేపల గడిలో పడ్డాయి. ఏరి తెచ్చిన ప్రతి పెంట పొట్లంలో ఏదో ఒక చేప ముల్లు ఉండనే ఉంటుంది కాబట్టి ఆ గడి నిండిపోయింది. అందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అబద్ధమైతే ఎవరైనా పట్టుకునేవాళ్లు. ఇది లెక్క తప్పకుండా చేసిన మోసం. చదివినవాడెవడైనా ఆ చేపలన్నీ కాంట్రాక్టరు చేపలే అనుకుంటాడు. అనుకోవాలనే అలా రాశాం.

సెమినార్ హాల్లో రిపోర్టు మీద మీటింగు పెట్టిన రోజు ఒక అధికారి మాత్రం సరైన ప్రశ్న అడిగాడు. "చేపలంటే ఏ చేపలండీ?"

టీ కప్పులు తీస్తున్న అటెండరు అక్కడి నుంచే చెప్పాడు. "జెల్లలు, జిలేబీలు సార్. పెంచే చేప శానా తక్కువ. డబ్బాలున్నయి, తెచ్చి చూపెడ్తా."

గైడు నవ్వాడు. "డబ్బాలున్నాయి గానీ అన్నీ కలిపేశాడండీ ఈయన. చదువు లేని మనిషి, పొట్లాలు తారుమారు చేశాడు. అందుకే విడివిడిగా ఇవ్వలేకపోయాం. అవునా?" అని నా వైపు చూశాడు.

అటెండరూ నా వైపే చూశాడు. నేను మాట్లాడకపోవడమే గైడుకు సాక్ష్యమైంది.

నెల తిరగకముందే ఆయనను పనిలోంచి తీసేశారు. నమూనాలు పాడుచేశాడని కాగితం మీద రాశారు కాబట్టి క్యాంపస్‌లో ఇంకే డిపార్ట్‌మెంటూ రానివ్వలేదు. కాంట్రాక్టరు మనుషులు నీటికుక్కల బొరియల్లో పొగబెట్టి, రాళ్లతో మూసేశారు. మరుసటి చలికాలం నేను ఒక్కణ్నే వెళ్తే బండలన్నీ శుభ్రంగా ఉన్నాయి. థీసిస్‌లో కూడా ఆ రెండు గడులే ఉంచాను, నాకు డాక్టరేటు వచ్చింది. అదే డిపార్ట్‌మెంటులో ఉద్యోగం వచ్చింది. ఏటా వన్యప్రాణి వారోత్సవాల్లో, నీటికుక్క ఉంటే నీళ్లు ఆరోగ్యంగా ఉన్నట్టే అని పిల్లలకు పాఠం చెప్తూ వచ్చాను. చప్పట్లు కొట్టించుకున్నాను. సిగ్గు లేకపోవడానికి కూడా ఒక హద్దుండాలి.

ఆయన ఎక్కడున్నాడో తెలియదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు. మేముండేది తార్నాకలో. మా వీధి చివర చేపల దుకాణం ముందు, రోజూ కత్తిపీట పెట్టుకొని చేపలు కోసిచ్చేది ఆయనే. ఇన్నేళ్లూ నేను చేపల కోసం హబ్సిగూడ దాకా పోయాను. అక్కడ తాజాగా ఉంటాయని ఇంట్లో చెప్పాను.

మొన్న వేసవిలో నా దగ్గర రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి తన మొదటి అధ్యాయం తెచ్చింది. అదే చెరువు మీద ఆమె పని. ఇప్పుడక్కడ వల వేస్తే అరచేతంత జిలేబీలు తప్ప ఏమీ పడడం లేదని జాలర్లు మొత్తుకుంటున్నారట. మీటింగు తర్వాత మా పాత రిపోర్టులో చేర్చిన ఒక వాక్యాన్ని ఎత్తి రాసింది. సిబ్బంది అజాగ్రత్త వల్ల నమూనాలు కలిసిపోయినందున చేపల జాతులవారీ వివరాలు లభ్యం కావు.

"ఎవరు సార్ ఆ స్టాఫ్? మరీ అంత కేర్‌లెస్సా? ఆ డేటా ఉంటే నాకు ఎంత ఉపయోగపడేదో" అంది.

దాని కింద నేను సంతకం పెట్టాలి. పెన్ను మూసేసి, అప్పుడే దుకాణానికి నడిచాను.

ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి చేతిలో చేప పక్కన పెట్టాడు. "ఏంది సార్, హబ్సిగూడల చేపలు ఒడిసినయా?"

ఆయనకు అదీ తెలుసు. నేను అక్కడే నిలబడి, తప్పు నాదని, క్షమించమని గొణిగాను.

"గీడ ఎవలకు చెప్తున్నవ్ సార్? గీ చేపలకా?" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. "ఎవలన్న అడిగితె పని ఇడిసిపెట్టిన అని చెప్పుకున్న ఇన్నేండ్లు. నా బిడ్డకు గూడ గదే చెప్పిన. డబ్బాలు కలిపిండని అన్నది యాడ? గా హాల్ల. చెప్పేదుంటే గాడ చెప్పు. నేనొస్తా."

విద్యానగర్‌లో ఉంటున్న మా గైడుకు ఫోన్ చేసి హాలుకు రమ్మన్నాను. "ఇప్పుడెందుకయ్యా అవన్నీ తవ్వడం" అన్నాడు. తవ్వితే ఏం బయటపడుతుందో తెలిసినవాడు కాబట్టి భయపడ్డాడు. రాలేదు. నేను పాత నోటుబుక్కుల్లోంచి గడులన్నీ విడదీసి కొత్త పట్టిక రాసి, రిపోర్టు తప్పని డిపార్ట్‌మెంటుకు ఉత్తరం ఇచ్చి, బుధవారం సెమినార్‌కు నా పేరు రాయించుకున్నాను.

ఆయన ఇస్త్రీ చొక్కాతో, కూతురిని వెంటబెట్టుకొని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను పట్టిక చూపించాను. ఏ ముల్లు ఏ చేపదో గుర్తుపట్టింది ఎవరో చెప్పాను. తర్వాత స్టేజీ దిగి ఆయన ముందుకు వెళ్లాను.

"ఈయన ఒక్క డబ్బా కూడా కలపలేదు" అన్నాను, హాలంతా వినపడేలా. "గడులు కలిపింది నేను. ఆ సంగతి ఇక్కడే అడిగితే నోరు మూసుకున్నదీ నేనే. నీ పని పోయింది నావల్ల, ఆ జంతువులు పోయింది నావల్ల. అన్నా, నన్ను క్షమించు."