నాలుగు వేళ్ల గోడ

నాగేంద్రమ్మ కాపురానికి వచ్చిన పదిహేనో రోజున బావగారు బుల్లయ్య ఆమె భర్తను ములుకర్రతో కొట్టాడు. ఎద్దులకు కుడితి ఆలస్యంగా పెట్టాడన్నది నేరం. పెళ్లి పంచె ఇంకా మాయని పేరయ్య పెరట్లో తల వంచుకుని నిలబడి, అన్న చేతి దెబ్బలన్నీ వీపు మీద పడనిచ్చాడు. కర్ర విరిగాక బుల్లయ్య కాళ్లు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుని అన్నం పెట్టమన్నాడు. వడ్డించబోయిన నాగేంద్రమ్మ పప్పుచారు కంచం బయట ఒలకబోసింది. ఆయన ఆ చారు గిన్నెనే ఆమె చేతిలోంచి లాక్కుని దాంతోనే మోచేతి మీద కొట్టాడు.

తోటికోడలు వెంకటేశ్వరమ్మ ఆ చేతికి పసుపు పట్టిస్తూ, "ఆయన కొట్టేముందు ఎడమ భుజం ఎగరేస్తాడు. అది కనిపెట్టుకుని ఉంటే తప్పుకోవచ్చు" అంది. కొత్తగా వచ్చిన కోడలికి ఉప్పు జాడీ ఎక్కడుంటుందో చూపించినంత మామూలుగా చెప్పింది.

ఇది దర్శికి ఆరుమైళ్ల అవతల, మిరప చేల మధ్య ఉన్న ఊళ్లో, ఎనభై ఏడులో జరిగిన సంగతి. అప్పటినుంచి పన్నెండేళ్లు ఆ ఇద్దరాడవాళ్లూ ఒకే వసారాలో, ఒకే కట్టెల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని వండారు. బయట చెప్పులు విడిచిన చప్పుడును బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో ఇద్దరికీ తెలిసిపోయేది. చెప్పులు గోడకు తగిలితే వెంకటేశ్వరమ్మ జుట్టు గట్టిగా ముడేసుకునేది, పట్టుకు చిక్కకుండా.

తొంభై తొమ్మిదిలో నాగేంద్రమ్మ కూతురు మాధురికి ఏడేళ్లు. పెదనాన్న రేడియో తిప్పిందని ఆ పిల్లను బుల్లయ్య పలుపుతాడుతో బాదాడు. తొడల మీద తాడు మెలికలు కూడా కనపడేలా తేలాయి వాతలు. నాగేంద్రమ్మ పిల్లను చంకనేసుకుని నేరుగా రచ్చబండ దగ్గరికి వెళ్లి, పదిమందిలో గౌను పైకెత్తి చూపించింది. "మా ఆయన అడగడు, నేనడుగుతున్నా. మమ్మల్ని వేరు పెట్టండి" అంది. పెద్దమనుషులు తలలు తిప్పుకున్నారు గానీ, నెల తిరక్కుండా పంపకాలు చేశారు. పెరడుకు అడ్డంగా తాడు పట్టి సున్నం గీత గీశారు. తూర్పు సగం పేరయ్యది. అందులో పశువుల పాక తప్ప ఏమీ లేదు.

మూడేళ్లు ఆ పాకలోనే ఓ మూల వండింది. రెండువేల రెండులో మిరపకాయ బాగా పండింది. పేరయ్య రెండు గదుల డాబా వేస్తానంటే, "వంటిల్లు ముందు కట్టించు. పడకలు తర్వాత చూసుకుందాం" అంది. మేస్త్రీ మీరావలి సున్నం గీతను ఆనించి పడమటి గోడ లేపాడు. పొయ్యి గట్టు కట్టే రోజున, "ఎంత ఎత్తు పెట్టమంటారమ్మా?" అని అడిగాడు. నాగేంద్రమ్మ గోడవారగా నిలబడి, చపాతీ పిండి పిసికినట్టు గాలిలో చేతులు ఆడించి చూసుకుంది. మీరావలి ఆమె మణికట్టు ఎత్తులో గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. చీమకుర్తి నల్లరాయి బండ పరిచారు. సింకు, దానికో కుళాయి, పైన నీళ్ల తొట్టి. పొదుపు సంఘంలో ఆడవాళ్లకిచ్చిన గ్యాసు పొయ్యి అప్పటిదాకా అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని బండ మీదికెక్కించారు.

పాలు పొంగించిన మర్నాటినుంచి ఆమెకు అదో పెద్ద అవస్థ. నిలబడి వండటం ఒళ్లుకు పట్టలేదు. కూర తరగాలంటే తెలియకుండానే కింద చతికిలబడేది. కత్తిపీటను గట్టు మీద పెట్టి చూసింది, కుదరలేదు. కత్తి కొనుక్కుంటే వేలు తెగింది. ఊదాల్సిన మంట కాదని తెలిసినా వంగి ఊదేది, పొయ్యి ఆరిపోయేది. మాధురి పడీపడీ నవ్వేది. కారం, పసుపు, చింతపండు డబ్బాలు రోజుకో అరలోకి మారేవి. చివరికి గోడకున్న సిమెంటు అరల్లో అన్నిటికీ చోటు కుదిరింది. పొద్దున్నే బండ తడిగుడ్డతో తుడిస్తే అందులో తన మొహం మసకగా కనపడేది. ఆ మొహాన్ని కాసేపు చూసుకుని టీకి నీళ్లు పెట్టుకునేది. వెనక ఎవరన్నా నిలబడ్డారేమోనని తిరిగి చూసే అలవాటు మాత్రం పోలేదు.

సింకు నీళ్లు పడమటి గోడలోంచి గొట్టం ద్వారా రెండిళ్ల మధ్య సందులోకి పోతాయి. గృహప్రవేశమై పదిరోజులు కాకముందే ఓ ఉదయం సింకు నిండిపోయి ఎంగిలినీళ్లు నేల మీదికి పొర్లాయి. వెళ్లి చూస్తే గొట్టం మూతికి గోనెగుడ్డ కుక్కి పైన సిమెంటు మెత్తి ఉంది. గోడ అవతల మంచం మీదినుంచి బుల్లయ్య, "నా స్థలంలో గోడ కట్టి నా మీదికే కుడితి వదుల్తారా?" అన్నాడు.

"గీత మీదే కట్టాం బావగారూ, మీ ఎదురుగానే గదా తాడు పట్టింది" అంది నాగేంద్రమ్మ.

"గీత దాటింది. వారంలో గోడ పడగొట్టకపోతే నేనే పడగొడతా. మీ ఆయనకి చెప్పు."

ఆమె ఉలితో సిమెంటు కొట్టి గొట్టం తెరిచింది. ఆ సాయంత్రం బుల్లయ్య తమ్ముణ్ణి టీకొట్టు ముందు ఆపి, అందరూ చూస్తుండగా రెండు పళ్లు రాలగొట్టాడు. పేరయ్య రక్తం ఉమ్మేస్తూ ఇంటికొచ్చి, "తీసేద్దాం. జానెడు ఇటు జరిపి కట్టుకుందాం" అన్నాడు.

"జరిపితే ఇంకో జానెడు అడుగుతాడు. గోడ దగ్గరికి రానీ చూద్దాం" అందామె.

ఎనిమిదో రోజున వచ్చాడు. ఫిబ్రవరి, రెండో కోత. పేరయ్య చేలో ఉన్నాడు, మాధురి బడిలో ఉంది. పదింటికి నాగేంద్రమ్మ పన్నెండుమంది కూలీలకు పెద్ద గిన్నెలో అన్నం పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికింది, గంజి వార్చాలి. గిన్నె మూతి మీద చిల్లుల సిబ్బి పెడుతుండగా గోడ దద్దరిల్లింది. మొదటి పోటుకు సున్నం రాలింది. రెండో దానికి పసుపు డబ్బా కింద పడి దొర్లింది. మూడో దానికి అరలు విరిగి, డబ్బాలన్నీ ఆమె కాళ్ల చుట్టూ బద్దలయ్యాయి. కారం లేచి ఊపిరాడలేదు. గోడలో కంత పడింది. అందులోంచి గునపం మొన లోపలికొచ్చి, తిరిగి, వెనక్కి పోయింది.

"బావగారూ, ఆపండి! లోపల నేనున్నా, పొయ్యి వెలుగుతా ఉంది!"

చప్పుడు ఆగింది. ఆమె గ్యాసు కట్టేసేలోగా ఆయన సందు చుట్టి తిరిగి గుమ్మంలోకొచ్చాడు, గునపంతో.

"ఉన్నావా? ఉండు."

ముందు సింకును పొడిచాడు. తర్వాత నల్లబండ మీద ఒకే దెబ్బ వేశాడు. అది అడ్డంగా చీలి, పొయ్యి లేని సగం నేల మీద పడింది. నాగేంద్రమ్మ అడ్డం పోయింది. ఎడమ భుజం ఎగరడం చూసింది, కానీ తప్పుకోవడానికి అక్కడ చోటు లేదు. గునపం ఆమె ఎడమ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు తనకే వినపడింది, ఎండు చెరుకుగడ విరిచినట్టు. ఆయన మళ్లీ ఎత్తాడు.

ఒంటిచేత్తో ఆ గిన్నె లేవదు. అందుకే లేపలేదు. కుడిచేయి గిన్నె వెనక పెట్టి, భుజం ఆనించి, ఉన్న బలమంతా పెట్టి తోసింది. సలసల కాగుతున్న గంజీ అన్నమూ ఆయన మొహం మీదా రొమ్ము మీదా పడ్డాయి.

బుల్లయ్య అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడిందంటారు. గునపం వదిలేసి మొహం గీరుకుంటూ కింద పడ్డాడు. మెతుకులతో పాటే తోలు ఊడొచ్చింది. నాగేంద్రమ్మ అక్కడితో ఆగలేదు. నేల మీద దొర్లుతున్న పచ్చడిబండ అందుకుని ఆయన మోకాలి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. పన్నెండేళ్లలో ఎన్ని పూటలున్నాయో అన్ని దెబ్బలూ ఆ ఒక్క మోకాలి మీదే వేయాలన్నట్టు కొట్టింది. గుమ్మంలోంచి ఎవరో పిలుస్తున్నారు. ఆమె చెయ్యి ఆగలేదు.

చివరికి వెంకటేశ్వరమ్మ వచ్చి జుట్టు పట్టి వెనక్కి లాగింది. "చాలే నాగేంద్రం! చస్తే జైలుకు పోతావు. పిల్లదాని గతేంటి?" అంటూ ఆమె చేతిలోంచి బండ ఊడలాక్కుంది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నీళ్లు... నీళ్లు..." అంటున్నాడాయన. కుళాయి ఇంకా పనిచేస్తూనే ఉంది. వెంకటేశ్వరమ్మ చెంబు నింపి, ముందు తను సగం తాగింది. ఊపిరి తీసుకుని, మిగతా సగం ఆయన మొహం మీద పోసింది. మళ్లీ నింపింది.

ఒంగోలు ఆసుపత్రిలో బుల్లయ్యకు కుడికన్ను పోయిందన్నారు. మోకాలు ఇక వంగదన్నారు. నాగేంద్రమ్మ చెయ్యి కట్టు విప్పాక కాస్త వంకరగా, పట్టు లేకుండా నిలిచిపోయింది. స్టేషన్లో రెండువైపులా కేసులు నడిచాయి, ఏడాది తిరిగి రాజీ అయింది. రాజీకి ముందు పెద్దమనుషులు సర్వేయరును పిలిచి మళ్లీ కొలిపించారు. గోడ నిజంగానే నాలుగు వేళ్లు అవతలికి జరిగి ఉంది. కాగితం చదువుతుంటే నాగేంద్రమ్మ తన నాలుగు వేళ్లూ దగ్గరగా పెట్టి చూసుకుంది. పెరటి వెనకవైపు అంతకు రెట్టింపు స్థలం బావగారికొదిలి గోడ నిలుపుకుంది.

మీరావలి కంత పూడ్చే రోజున వెంకటేశ్వరమ్మ గోడ అవతలినుంచి, "తొందరగా కానియ్యి బాబూ, ఆయన పొద్దస్తమానం ఉన్న ఒక్క కన్నుతో ఇటే చూస్తన్నాడు" అంది. ఆమె జుట్టు వదులుగా వేలాడుతోంది. బుల్లయ్యకు ఇప్పుడు మంచం దిగడానికి కూడా ఆమె భుజమే కావాలి. ఎప్పుడు పెడితే అప్పుడు తింటాడు.

విరిగిన బండను అతికించి మళ్లీ పరిచారు. నాగేంద్రమ్మ గంజి వార్చడం మానేసింది. ఆవిరి మొహానికి తగిలితే వెనక్కి జరిగిపోయేది. పేరయ్య అద్దంకినుంచి కుక్కరు తెచ్చాడు. అంట్లు తోమడం, మసాలా నూరడం, బండ తుడవడం ఒంటిచేత్తో నేర్చుకుంది. మాధురి బడినుంచి వచ్చి బరువులు దించేది.

పేరయ్య మాత్రం మారాడు. ఒక మధ్యాహ్నం ఆమె కూర వేయబోయి గరిటె ఎత్తితే, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెంటనే దించేసి, ఏమీ జరగనట్టు తినసాగాడు.

"నన్ను చూసి జంకుతున్నావా?" అంది.

"లేదే."

"ఆ రోజునించీ చూస్తన్నా. అబద్ధమాడమాకు."

పేరయ్య మెతుకులు కెలికాడు. "ఆ రోజు గోతాల కోసం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి చూశా. ఐదారుసార్లు పిలిచా నిన్ను. నువ్వు పలకలా. అన్న కొట్టేటప్పుడు కూడా అంతే, పిలిచినా వినపడదు ఆయనకి."

నాగేంద్రమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎవరి దగ్గరా అనని మాట ఇప్పుడు అంది. స్టేషన్లోనూ, పెద్దమనుషుల ముందూ, మాధురి అడిగినప్పుడూ అనలేదు.

"నాకు వినపడింది. నువ్వేనని కూడా తెలుసు. ఆగబుద్ధి కాలా."

పేరయ్య తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. కుళాయి కింద అంట్ల మీద నీళ్లు పడుతున్నాయి. ఆమె లేచి కట్టేయలేదు.

కాసేపటికి ఆయన కంచం ముందుకు జరిపాడు.

"కొంచెం కూర వెయ్యి" అన్నాడు.